గాలి లేని చక్రంతో పులివెందులకు

చక్రాల్లో గాలి ఎంత పెట్టాలని కొత్తగా కారు నేర్చుకున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు. సర్కారు కార్లు నడిపి రిటైరైనవాడిని కాబట్టి నాకు ఆ సంగతి క్షుణ్ణంగా తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు తెలిసింది చెప్తాను. కానీ చెప్పేటప్పుడు గొంతులో కాస్త తడబాటు ఉంటుంది. ఎందుకో మీకు అర్థం కావాలంటే ఒక వేసవి రోజు సంగతి చెప్పాలి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. మాది పెండ్లిమర్రి దగ్గర పల్లె. అక్కడ మేనమామ లారీ మీద పని నేర్చుకుని, ప్రొద్దుటూరులో ఒక లేడీ డాక్టరు కారుకు డ్రైవరుగా చేరాను. ఆమె గోదావరి వైపు మనిషి. ప్రసవాలు చూడటానికి, మంత్రసానులకు శిక్షణ ఇవ్వటానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు తాలూకాలూ తిరగటం ఆమె ఉద్యోగం. నా మాట ఆమెకు మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. "యాడికి పోదామమ్మా" అంటే గద్దించినట్టుందని అనేది. ఆమె "అలాగేనండీ" అంటే నాకు వెక్కిరించినట్టుండేది. ఒకరికొకరం అలవాటు పడటానికి కొన్ని నెలలు పట్టింది.

కారు పాతది. ఇంజను మంచిది. దాని బాధంతా చక్రాలదే. చేరిన కొత్తలో చలికాలం. రాత్రి బాగున్న చక్రాలు తెల్లారేసరికి నాలుగూ మెత్తబడి ఉండేవి. మేకు లేదు, ముల్లు లేదు. ట్యూబులు ఊడదీసి నీళ్ల తొట్లో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఎవరో కావాలని గాలి తీస్తున్నారనుకుని ఆఫీసు జవానును అనుమానించాను. అతను నాతో చాలా రోజులు మాట్లాడలేదు. చలికి గాలి ముడుచుకుంటుందని, ఎండకు సాగుతుందని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

చెప్పింది ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర టైర్ల అంగడి పెట్టుకున్న సాయిబు. తెల్లగడ్డం, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. టైరును అరచేత్తో తట్టి, చెవి ఒగ్గి, పుచ్చకాయ కొనేవాడిలా వినేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి.

"చలికాలం గాలి ఎక్కువ పెట్టల్ల. ఎండాకాలం తగ్గించల్ల" అన్నాడాయన. "ఎండకు గాలి పొంగుతాది. అన్నం కుండ మాదిరి. మూత తన్నుకోని పోతాది. ఈ మాట రాసిపెట్టుకో."

ఆ మాట పట్టుకుని జమ్మలమడుగు వెళ్తే అక్కడ ఇంకో గురువు దొరికాడు. ఆయన యుద్ధంలో ఎడారి దేశాల్లో మిలిటరీ ట్రక్కులు నడిపి వచ్చి, నాపరాళ్ల లారీ తోలేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఊళ్లో అందరూ మిలిట్రీ అన్న అనేవాళ్లు. నా చక్రాలు చూసి కాలితో తన్నాడు.

"ఎవరు పెట్టినారు తమ్ముడా ఈ గాలి?"

"ప్రొద్దుటూరు సాయిబు మామ."

"ఆయప్పకు ఏం తెల్సు! గాలి తక్కువుంటే టైరు నలుగుతాది. నలిగితే కాగుతాది. కాగితే చీలుతాది. ఎండాకాలమైనా యేకాలమైనా నిండుగా ఉండల్ల. ఇసకలో దిగినప్పుడు మాత్రం తియ్యి, ఎక్కినాక మళ్లీ కొట్టు. ఇంతే కత."

రెండు మాటలూ సబబుగానే ఉన్నాయి. రెండూ ఒకేసారి నిజమెట్లా అవుతాయో తెలియక డాక్టరమ్మను అడిగాను. ఆమె కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తిరగేసింది. పొద్దున కారు కదలకముందు, చక్రాలు చల్లగా ఉన్నప్పుడే కొలవాలని, దారిలో వేడెక్కాక గాలి తీయకూడదని అందులో ఉందంది. "కానీ డ్రైవరూ, ఇది రాసినవాళ్లు ముద్దనూరు ఎండ చూసి ఉండరేమో" అని పుస్తకం మూసేసింది.

అప్పటి నుంచి నేను ప్రొద్దుటూరులో సాయిబు మనిషిని, జమ్మలమడుగులో మిలిట్రీ అన్న మనిషిని. ఇక్కడ తీయటం, అక్కడ కొట్టటం. వానాకాలం వచ్చి రేగడి బురదలో దిగబడితే ఇద్దరూ చెరో మాట చెప్పేవాళ్లు. వాళ్లిద్దరికీ ఒకరినొకరు ముఖపరిచయం కూడా లేదు. నా చక్రాల మీదనే వాళ్ల తగవు.

ఆ వేసవిలో జమ్మలమడుగులో మంత్రసానులకు శిక్షణ జరుగుతోంది. డాక్టరమ్మ అక్కడే మకాం. ఒక పొద్దున నేను కారు తుడుస్తుంటే ప్రొద్దుటూరు బస్సులోంచి సాయిబు మామ దిగాడు. చెప్పుల్లేవు. నెత్తిన టోపీ లేదు. నన్ను చూసి కూడా చూడనట్టే ముందుకు పోతుంటే వెంటపడి ఆపాను.

"మామా, యాడికి?"

"డాక్టరమ్మ యాడుంది? నా కూతురు... పులివెందులలో... మొన్నటి నుంచి నొప్పులు పడతాంది. మంత్రసాని చేతులెత్తేసిందంట."

ఆయనకు ఉన్నది ఆ ఒక్క కూతురే. తల్లి లేని పిల్ల. పులివెందులలో ఇచ్చాడు. డాక్టరమ్మ రెండు మాటలు విని, మూడో మాట ఆయన్ని మాట్లాడనివ్వకుండా సంచి సర్దుకుంది.

కారు తీసేముందు అలవాటుగా అడిగాను. "మామా, గాలి ఎంత పెట్టమంటావు?"

ఆ ప్రశ్న కోసం ఎప్పుడూ కాచుకుని ఉండే మనిషి. ఆ రోజు నా ముఖంలోకి అయోమయంగా చూశాడు. "నీ ఇష్టమప్పా" అన్నాడు. "నీకు యట్ల తోస్తే అట్ల చెయ్యి."

నాకు ఎట్లా తోచటమూ లేదు.

ముద్దనూరు దారి పట్టాలంటే పెన్నేరు దాటాలి. ఎండాకాలం ఏరు ఎండిపోయి ఇసుక పరుచుకుని ఉంటుంది. బండ్లు నలిపిన జాడలో మేము కూడా ఇసుకలోనే దాటేవాళ్లం. గట్టున ఆపి వెనక చక్రాల గాలి సగం తీశాను. అది మిలిట్రీ అన్న పాఠం. కారు ఊగుతూ, పొర్లుతూ అవతలి గట్టెక్కింది. దిగి చేతి పంపు బిగించి గాలి కొట్టటం మొదలుపెట్టాను. పంపు ముసలిది. పది సార్లు నొక్కితే ఒకసారి నొక్కినంత పోతుంది. సాయిబు మామ నా పక్కన నిలబడి రోడ్డు కేసి చూస్తూ చేతులు నలుపుకుంటున్నాడు.

"చాలు పా అప్పా, ఇంగ చాలు. ఎండాకాలమే గదా. తక్కువుంటేనే మేలు. బిన్నే పా."

తక్కువ గాలే మేలు, తొందరగా పోదాం పా అన్న ఆ మాట ఆయన అనుభవం కొద్దీ అన్నాడో, కూతురి మీద ఆత్రం కొద్దీ అన్నాడో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. నేను పంపు విప్పేశాను.

ముద్దనూరు ఇంకా కొంత దూరముందనగా వెనక ఎడమ చక్రం నేలకంటింది. విప్పి చూస్తే టైరుకు ఏమీ కాలేదు. లోపలి ట్యూబుకు వాల్వు మొదట్లో చిరుగు. గాలి తక్కువై టైరు రిమ్ము మీద జారింది. దాంతోపాటు ట్యూబూ జారి, కదలని వాల్వు దగ్గర చిరిగింది. అక్కడ చిరిగితే అతుకు నిలవదు. సాయిబు మామ ఆ చిరుగును వేలితో తడిమాడు. ఎవరో కొట్టినట్టు ఆయన తల వంగిపోయింది.

స్టెప్నీ తీశాను. దాన్ని అంతకు ముందురోజే మిలిట్రీ అన్న తన లారీ పంపుతో గట్టిగా నింపి ఇచ్చాడు. ఎండలో డిక్కీ పెనంలా కాలుతోంది. లోపల స్టెప్నీ రాయిలా ఉంది. బిగించాక వాల్వు మీద వేలు పెట్టి ఆగిపోయాను. కొంచెం తియ్యనా? తీస్తే ఇందాకటి చక్రంలా అవుతుందా? తీయకపోతే కుండ మూతలా తన్నుకుపోతుందా?

"అమ్మా, ఏం చేద్దాం?" అన్నాను.

"పుస్తకంలో వేడిగా ఉన్నప్పుడు తీయొద్దని ఉంది" అంది డాక్టరమ్మ. వెంటనే, "కానీ నాకు చక్రాలు తెలీవయ్యా. నువ్వే చెప్పు" అంది.

సాయిబు మామ వైపు చూశాను. ఆయన రోడ్డు పక్కన కంప చెట్టును చూస్తున్నాడు. ముగ్గురం ఉన్నాం. ఒక్కరికీ ఇది చెయ్యి అని చెప్పే ధైర్యం లేదు. వేలు తీసేశాను. గాలి తీయలేదు.

ముద్దనూరు దాటాం. కొండదారి ఎక్కాం. ఎక్కినంతసేపూ బాగానే ఉంది. దిగేటప్పుడు తుపాకి పేలినట్టు చప్పుడైంది. కారు వెనక భాగం ఈడ్చుకుపోయి అడ్డం తిరిగింది. స్టీరింగు నా చేతుల్లో గింజుకుంది. దారి వారన పేర్చిన కంకర కుప్పకు రాసుకుని ఆగాం. దుమ్ము తగ్గాక చూస్తే డాక్టరమ్మ సంచిని కడుపుకు హత్తుకుని కూర్చుని ఉంది. ఎవరికీ దెబ్బల్లేవు. స్టెప్నీ మాత్రం పక్కన జానెడు మేర చీలి, ట్యూబు పేలికలై ఉంది.

తక్కువ పెట్టింది పోయింది. ఎక్కువ పెట్టిందీ పోయింది. మనసులో కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎవరి మీదో తెలియాలి కదా. అటు బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఎడ్లబండి మీద పోతే చీకటి పడుతుంది. సాయిబు మామ కారు దిగి, ఒట్టి కాళ్లతో ఆ కాలే రోడ్డు మీద పులివెందుల వైపు నడవటం మొదలుపెట్టాడు.

"మామా, ఆగు! నడిచిపోయేది యాడ?" అని అరిచాను. ఆయన ఆగలేదు.

దారి పక్క చేనులో చెనక్కాయ కట్టె వామి వేసి ఉంది. వేరుశనగ కాయలు రాల్చుకున్నాక పశువులకు మేతగా దాచుకునే ఎండు తీగ అది. ఆ వామిని చూస్తుంటే మిలిట్రీ అన్న చెప్పిన కోతలు గుర్తొచ్చాయి. ఎడారిలో ట్యూబులు అయిపోతే గుడ్డలు, గోనెలు టైర్లలో కూరుకుని నడిపామని చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడూ నమ్మలేదు. కానీ నమ్మటానికి ఇంకేమీ మిగల్లేదు. ట్యూబు చిరిగిన మొదటి టైరు ఎట్లాగూ చెక్కుచెదరకుండా ఉంది.

పరుగెత్తి సాయిబు మామ భుజం పట్టుకుని సంగతి చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి వామిని చూశాడు. తర్వాత నాకంటే ముందు చేలోకి దిగాడు.

వామి కింద నీడలో పడుకున్న రైతు లేచి చేతికర్ర అందుకున్నాడు. "ఏయ్! ఏందిది? గొడ్ల మేత అప్పా అది! వానల దాకా అదే ఆధారం."

డాక్టరమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని గట్టు దాటి వచ్చింది. "పులివెందులలో ఈయన కూతురు ప్రసవం కాక ప్రాణాల మీద ఉందయ్యా. మేం అక్కడికి చేరాలి" అంది.

రైతు ఆమె మాటను సగమే అర్థం చేసుకున్నట్టున్నాడు. ప్రసవం అన్న మాట మాత్రం అర్థమైంది. చేతికర్ర కింద పడేశాడు. "అట్ల చెప్పల్ల గదమ్మా" అంటూ తనే వామి మీదెక్కి మోపులు కిందికి తోశాడు.

టైరును రిమ్ముకు ఒకవైపు ఎక్కించి, ఆ సందులోంచి చెనక్కాయ కట్టె కూరాం. సాయిబు మామ చేతులకు అప్పుడు ప్రాణం వచ్చింది. మెలిపెట్టి, తడి చేసి, ఇనుప పట్టెతో పొడిచి కుక్కుతున్నాడు. డాక్టరమ్మ తీగలు పురి పెట్టి అందిస్తోంది. రైతు కుండలో నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. నేను మోకాలితో తొక్కుతున్నాను. రెండోవైపు ఎక్కించేటప్పుడు నలుగురం కలిసి దాని మీద పడ్డాం. చూడటానికి అది చక్రంలా లేదు, కొండచిలువ ఏదో మింగి పడుకున్నట్టుంది.

కారు కదిలింది. మనిషి పరుగు కన్నా కాస్త జోరుగా పోయాం. ప్రతి చుట్టుకూ వెనక నుంచి దబ్బుమని కుదుపు. అంతకంటే జోరుగా పోతే టైరు ఊడుతుందని నాకు భయం. నెమ్మదిగా పోతే అక్కడ పిల్ల పోతుందని భయం. కాలు యాక్సిలరేటరు మీద నొక్కుతూ తీస్తూ, ఏది సరైన వేగమో తేల్చుకోలేక చెమటలు కార్చాను. సాయిబు మామ వెనక సీట్లో కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు.

పులివెందుల పొలిమేరకు వచ్చేసరికి కాలుతున్న వాసన. లోపలి కట్టె రాపిడికి వేడెక్కి రాజుకుంది. వెనక చక్రం నుంచి పొగ. ఆపితే మళ్లీ కదులుతుందో లేదోనని ఆపలేదు. బజారులో జనం కారు వెంట పరుగెత్తారు.

"కారు కాల్తాంది! కారు కాల్తాంది! దిగండప్పా!"

ఆ అరుపులతోనే కూతురి ఇంటి వాకిట్లో ఆగాం. డాక్టరమ్మ సంచితో లోపలికి ఉరికింది. ఎవరో బిందెడు నీళ్లు చక్రం మీద కుమ్మరించారు. సాయిబు మామ లోపలికి పోలేదు, గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. కారు పక్కన కూలబడి, పొగలు కక్కుతున్న టైరులోంచి నల్లగా మాడిన కట్టెను చేత్తో లాగుతూ కూర్చున్నాడు. వేళ్లు కాలుతున్నాయని చెప్పినా వినలేదు. అంతా లాగేశాక కూడా ఖాళీ టైరులో చెయ్యి పెట్టి వెతుకుతూనే ఉన్నాడు.

ఎంతసేపటికో లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, "ఆడపిల్ల. తల్లి కూడా బతుకుతుంది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "కాస్త మంచినీళ్లు తెస్తావా?" అంది.

కొన్నాళ్లకు టైరు ఎందుకు పాడైందో కారణం రాయమని పైఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. నేను ఆలోచించి ఆలోచించి, "తెలియదు" అని రాశాను. తెలియదనేది కారణం కాదని గుమాస్తా తిప్పి పంపాడు. డాక్టరమ్మ నవ్వి, "ఎండ అని రాయవయ్యా, ఎండను ఎవరూ సస్పెండు చేయలేరు" అంది. అట్లాగే రాశాను.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇప్పుడు చెప్తున్నాను. కారు కదలకముందు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలవండి. మీ కారు పుస్తకం చెప్పినంత పెట్టండి. చలికాలం దిగగానే మళ్లీ చూడండి, తగ్గి ఉంటుంది. ఎండాకాలం దారిలో గేజి ఎక్కువ చూపించిందని గాలి తీసేయకండి. స్టెప్నీని మరవకండి. నా తర్వాతి సర్వీసంతా ఇట్లాగే చేశాను, మళ్లీ టైరు పేలలేదు. ఇది సరైనదని చెప్పటానికి అంతకంటే రుజువు నా దగ్గర లేదు. ఆ రోజు కూడా ఇట్లా చేసి ఉంటే పేలేది కాదా అంటే, ఆ ఇసుక, ఆ పంపు, ఆ ఆత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు.

సాయిబు మామ కూతురు కోలుకున్నాక బిడ్డతో ప్రొద్దుటూరు వచ్చింది. చూడటానికి వెళ్తూ జమ్మలమడుగు నుంచి మిలిట్రీ అన్నను కూడా వెంటబెట్టుకుపోయాను. పేరు విని తిట్టుకోవటమే తప్ప ఎన్నడూ కలవని ఇద్దరూ ఆ రోజు ఎదురుపడ్డారు. అంగడిలో ఒక మూల ఆ పేలిన స్టెప్నీ పడి ఉంది. తగవు తప్పదనుకున్నాను.

తగవు వచ్చింది, కానీ తలకిందులుగా వచ్చింది.

"నువ్వు చెప్పిందే రైటప్పా" అన్నాడు సాయిబు మామ. "తక్కువ పెట్టబట్టే ట్యూబు చిరిగింది. నా మాటే నా బిడ్డ మీదికి తెచ్చింది."

"కాదు మామా" అన్నాడు మిలిట్రీ అన్న. "నేను గట్టిగా నింపబట్టే పేలింది. కొండ మీద మీరంతా పోయింటే ఆ పాపం నాదే."

"నీది కాదు, నాది."

"నాదంటే వినవేం!"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇన్నాళ్లూ నా తల తిన్నవాళ్లు ఇప్పుడు ఒకరి సిద్ధాంతం ఒకరు మోస్తుంటే నేను ఎవరి పక్కన నిలబడాలి? నాకు తల తిరిగిపోయింది. లోపలి నుంచి కూతురు బిడ్డను ఎత్తుకుని వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది. మనిషి ఇంకా పాలిపోయే ఉంది.

"టైరు గురించి శానాసేపు మాట్లాడినారు గదా" అంది నెమ్మదిగా. "ఆ పొద్దు నా సంగతి ఎవురూ అడగలేదు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నాకు సత్తువ అయిపోయింటే కండ్లు మూసుకున్యా. అందరూ పిలుస్తాండారు, ఇనపడతాంది. తెరవల్లని లేదు. చాలులే అనిపించింది. అప్పుడు బయట కారు కాల్తాందని అరిచినారు. మా నాయన దాంట్లో ఉండాడేమోనని కండ్లు తెరిచినా. తెరిస్తే డాక్టరమ్మ లోపలికి వస్తాంది."

మిలిట్రీ అన్న జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. సాయిబు మామ లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, కూతురి దగ్గర మనవరాలిని అందుకున్నాడు. కూర్చోవటానికి ఇంకెక్కడా చోటు లేక, ఆ పేలిన టైరు మీదనే కూర్చుని బిడ్డను ఒళ్లో వేసుకున్నాడు.